అన్నీ ఎడమ చేతులే

అక్కా,

ఇది బావకి చూపించకు. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే చోటు దొరికింది. మందుల షాపు పైగది, గురువారం ఆరింటికి. వెళ్ళాను. చెప్పులు విప్పి తలుపు సందులోంచి చూస్తే, కుర్చీలో మా కుట్టు షెడ్డు సూపర్‌వైజరమ్మ! చెప్పులు అక్కడే వదిలేసి పారిపోయాను.

పైగా ఆ పొద్దున మత్తు దిగక, ఇరవై చొక్కాలకీ రెండువైపులా ఎడమ చేతులే కత్తిరించి బల్లకింద దాచాను.

ఇవాళ పనికి వెళ్తే ఆ ముక్కలు బల్లమీద మడతపెట్టి ఉన్నాయి. కింద నా చెప్పులు.

"నేనూ ఒకప్పుడు ఇలాగే కత్తిరించాను. వచ్చే గురువారం నా పక్కన కూర్చో" అంది ఆవిడ మెల్లిగా.

ఉద్యోగం పోతుందన్న భయం పోయిందక్కా. ఇక తప్పించుకోలేనన్న భయం పట్టుకుంది. ఆ పైగది మెట్లదాకా తోడు వస్తావా?

నీ తమ్ముడు