ముప్పై శాతం మనిషి

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ప్రొద్దుటూరులో నీ ఫ్లెక్సీల షాపు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. కంప్యూటరు ముందు నీ కుర్చీలోనే కూర్చుంటున్నాను.

"పోయినోళ్ల బొమ్మకు ఒపాసిటీ తగ్గించి పలచగా మబ్బుల్లో కలపాల. బతికుండేవాళ్లను నిండుగా పెట్టాల. అది తిరగబడితే కొంపలంటుకుంటాయి మ్మా" అని చెప్పేవాడివి గదా. మొన్న తిరగబడింది. జమ్మలమడుగు వైపు నాయకుడొకాయన పుట్టినరోజు ఫ్లెక్సీ అది. వాళ్ల నాయన ఎప్పుడో పోయాడు. ఆ నాయన బొమ్మున్న లేయర్ అనుకొని, నాయకుడి లేయర్‌నే ముప్పై శాతానికి తగ్గించాను. సరిచూసుకోకుండానే ప్రింటు తీశాను. నాయన నిండుగా నవ్వుతున్నాడు. కొడుకు మబ్బుల్లో పొగలా ఉన్నాడు.

తీసుకుపోవడానికి వచ్చిన నాయకుడి మనుషులిద్దరూ ఫ్లెక్సీ విప్పి చూశారు. తర్వాత ఒకాయన నెమ్మదిగా అడిగాడు.

"మా పెద్దాయన పోతాడని నీకెవురు చెప్పినారు మ్మా?"

"ఎవురూ చెప్పలేదప్పా, పొరపాటు" అన్నాను. అప్పటికప్పుడే సరిచేసి మళ్లీ ప్రింటు తీసి ఇచ్చాను. చెడిపోయినదాన్ని కూడా మడిచి తీసుకుపోయారు. పోతూ పోతూ ఇందాక అడిగినాయన గడపలో ఆగాడు.

"ఆయప్పకు ఏమన్నా అయితే మేం మొదట వచ్చేది ఈడికే."

అప్పటినుంచి బజారులో నలుగురు గుమిగూడితే చాలు, ఆ నాయకుడికి ఏమన్నా అయిందేమోనని పోయి అడుగుతున్నాను. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, ఎన్నడూ చూడని ఆ మనిషి చల్లగా ఉండాలని మొక్కుతున్నాను. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా నేనింత గట్టిగా మొక్కలేదు, అన్నా.