గడువు రాయని శిక్ష

చల్లపల్లి,
2025 అక్టోబరు 6, సోమవారం.

చిరంజీవి హరిచందనకు బామ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం శనివారం అందింది. మీ తాతగారి తద్దినం కార్తీక బహుళ పంచమి, అంటే నవంబరు 9, ఆదివారం. ఈసారైనా మీ నాన్న చేత పెట్టించమని అడిగావు. ఆలస్యం చేస్తే ఆశ పెట్టుకుంటావని ఇవాళే జవాబు రాస్తున్నాను. పెట్టించను. ఎప్పటిలాగే మీ చిన్నతాత కొడుకు హర్షవర్ధన్ బాబాయి పెడతాడు.

రాఘవ నా ఒక్కగానొక్క కొడుకు. పదకొండేళ్ల కిందట తాగి కారు నడిపాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగి ఉన్న లారీని గుద్ది, పక్క సీట్లో ఉన్న కన్నతండ్రిని చంపాడు. వెనక సీట్లో ఉన్న నేను బతికాను, చెవులు పోయాయి. కోర్టు రెండేళ్లు వేసింది. కోర్టు లెక్క కోర్టుది.

చివర్లో, నరకం అనేది ఉందా, అంతులేని శిక్ష న్యాయమేనా అని అడిగావు. లా చదువు నీకు ప్రశ్న వెయ్యడం బాగా నేర్పింది. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పిన దాన్ని, తెలియనిది తెలుసనను. మనలో మనిషి పోతే పదిరోజులూ పురాణం చదివిస్తాం కదా. మీ తాతగారికి శాస్త్రిగారు చదువుతుంటే నాకు వినపడక, పుస్తకం అడిగి తీసుకుని నేనే చదువుకున్నాను. నరకాలు ఇరవై ఎనిమిది. అన్నిటికీ గడువుంది. ఎంతటి పాపికైనా ఒకనాటికి తలుపు తీస్తారు. కనుక అంతులేని శిక్ష అనే మాట మనకు వర్తించదు.

వేళకు తిను.
మీ బామ్మ


పటమట,
అక్టోబరు 12.

ప్రియమైన బామ్మా,

నీ జవాబు మా ఇంటి ఓనరుగారికి వినిపించాను. కింది వాటాలో ఉండే కృపానందం గారు, రిటైరైన పాస్టరు, నా స్నేహితురాలు ఫిన్నీకి తాతగారు.

"మీ బామ్మగారిది అదృష్టమమ్మా. మా వాక్యంలో నిత్యాగ్ని అనుంది. నలభై ఏళ్లు అదే బోధించాను. ఇప్పుడు కొట్టెయ్యలేను" అన్నారు.

ఫిన్నీ ఊరుకుంటుందా. "అయితే తాతయ్యా, మన చందన అగ్గిలోకేనా? అద్దె నెలనెలా కడుతోంది కదా, కాస్త చూడకూడదూ?"

"నిప్పుందని ప్రభువు చెప్పమన్నాడు గానీ, అందులోకి తొయ్యాల్సినవాళ్ల పేర్లు నన్ను రాసుకోమన్లేదే. ముందు నువ్వెళ్లి ఆ పాలు చూడు, పొంగుతున్నాయి."

ముగ్గురం నవ్వుకున్నాం. పైకి వచ్చాక మాత్రం నవ్వు నిలవలేదు. ప్రతి నరకానికీ గడువుందన్నావు. మరి నాన్నకు నువ్వు వేసిన శిక్షకు గడువెంత బామ్మా?

ఒకప్పుడు కాలేజీలో పాఠం చెప్పిన మనిషి, ఆ లారీని గుద్దిన చోటికి రెండు వందల గజాల దూరంలో, టైర్ల షాపు వెనక గదిలో ఉంటున్నారు. మళ్లీ చుక్క ముట్టలేదు. ఆదివారాలు అమ్మ క్యారేజీ తీసుకుని వెళ్తుంది. పటమటలో మా దగ్గరికి రమ్మంటే, "మా అమ్మ రమ్మనేదాకా ఏ ఇంటి గడపా తొక్కను" అంటారు. ఆ కాస్తా నువ్వు చెప్పు, ఎంత కాలం?

నీ ముద్దుల
చందన


చల్లపల్లి,
అక్టోబరు 19, ఆదివారం.

చిరంజీవి చందనకు,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒక కల వచ్చింది, అది రాస్తాను.

నిన్న భోజనం అయ్యాక వసారాలో నడుం వాల్చాను. రెండు వైపులా నిండు కాలువలు, మధ్యన రోడ్డు. మధ్యాహ్నమే గాని పాలు ఒలికినట్టు మంచు. అరటాకు కదలడం లేదు. పాఠశాలల తనిఖీకి వెళ్లినట్టు, చంకలో రిజిస్టరుతో నడుస్తున్నాను. ఒక పొడవాటి రేకుల షెడ్డు దగ్గర రోడ్డు ఆగిపోయింది. నరకం అదేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

లోపల మంట లేదు. పెళ్లి భోజనాలు అయిపోయాక తోమి బోర్లించినట్టు పెద్ద పెద్ద గంగాళాలు వరసగా ఆరుతున్నాయి. నేల కడిగి ఉంది. తడిలో నడిచాను, అడుగు జాడ పడలేదు. ఒక ముసలాయన ఊడుస్తున్నాడు.

"అందరి గడువూ అయిపోయిందండీ, పంపించేశాం. తాళం వేసుకుని మేమూ పోదామంటే ఒకాయన మిగిలిపోయాడు. ఆయన కాగితంలో గడువు రాయలేదు."

"ఇంత అజాగ్రత్త మనిషి ఎవరు? ఏదీ, చూపించు" అని గద్దించాను. చూపించాడు. చేతిరాత నాది.

లోపలి గదిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. కలలో నాకు వినపడింది. ఒక గొంతు మీ తాతగారిది. ఈయనకెందుకు శిక్ష అని అడిగాను. "ఆయనకేం లేదండీ. కబుర్లకి వస్తారు. సాయంత్రం దాకా కూర్చుని వెళ్తారు."

మెలకువ వచ్చేసరికి మూడుంబావు. కలను బట్టి నిర్ణయం మార్చుకునే మనిషిని కాను. తద్దినం హర్షవర్ధనే పెడతాడు.

మీ బామ్మ


హనుమాన్ జంక్షన్,
అక్టోబరు 26.

ప్రియమైన బామ్మా,

షాపులో కూర్చుని రాస్తున్నాను. నీ కల నాన్నకు చదివి వినిపించాను. "నాన్నగారు కబుర్లకొచ్చారా" అని, టైరు మీద కూర్చున్నారు.

తర్వాత, "తద్దినం నేనెలా పెడతానే? చచ్చినవాణ్ణి కదా" అన్నారు.

తాతగారి పన్నెండో రోజున నువ్వు ఒక్కదానివే కాలువ రేవులో దిగి, నాన్న పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలావట. బెయిలు మీద వచ్చి, గుమ్మంలోకి రానివ్వకపోతే, ఆయన అవతలి గట్టున జమ్ములో నిలబడి చూశారట. బతికున్న కొడుక్కి బామ్మా. నిజమేనా?

"బామ్మకింత కోపమెందుకు నాన్నా, అసలా రోజు ఏం జరిగింది?" అన్నాను. "మీ బామ్మనడుగు. చెప్తే విను. చెప్పకపోతే మళ్లీ అడక్కు" అన్నారు.

అడుగుతున్నాను.

చందన


చల్లపల్లి,
నవంబరు 2, ఆదివారం.

అమ్మా చందనా,

తద్దినానికి ఏడు రోజులుంది. ఇవాళ రాయకపోతే ఇక రాయను.

నువ్వులూ నీళ్లూ నిజమే. శాస్త్రిగారు కూడదన్నారు. ఆడదాన్నైనా నేనే వదిలాను. అవతలి గట్టున ఎవరో ఉన్నారు గాని రాఘవ అనుకోలేదు అని రాయబోయాను. అబద్ధం. వాడేనని తెలుసు.

ఆ రోజు ఏలూరులో మా చెల్లెలి వియ్యాలవారి గృహప్రవేశం. రెండున్నరకు బయలుదేరబోతుంటే రాఘవ నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు.

"అమ్మా, మేడమీద వాళ్లు పోస్తే తాగాను. నడపలేను. ఒక గంట ఆగండి, డ్రైవర్ని పిలుస్తాను."

వాకిట్లో వియ్యాలవారంతా ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారి కొడుకు తాగాడని తెలిసిపోతుంది. "నలుగురిలో నా పరువు తియ్యకు. నోరు మూసుకుని కారెక్కు" అన్నాను. ఎక్కాడు. మీ తాతగారికి ఈ సంగతి తెలియదు. ముందు సీట్లో కూర్చుని తాంబూలం విప్పుకుంటున్నారు.

కోర్టులో వాడు ఈ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నేటికి నాలుగు వేల తొమ్మిది రోజులు. వాడి తప్పు రోజూ లెక్కపెట్టాను, నాది ఒక్క రోజూ పెట్టలేదు. గడువు రాయనిది న్యాయం కోసం కాదు. శిక్ష పూర్తయితే వాడు వచ్చి నా ఎదుట విస్తరి ముందు కూర్చుంటాడు. ఆ మాట మా మధ్యకు వస్తుంది. అది రాకూడదని.

నరకం ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. కృపానందం గారికి నా నమస్కారాలు చెప్పు. తొయ్యాల్సినవాళ్ల పేర్లు తాను రాసుకోలేదన్నారు. నేను రాశాను.

జ్ఞానప్రసూనాంబ

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం మీ అమ్మ కూడా చదవాలి. ఇన్నేళ్లు ఆవిడ క్యారేజీ మోసింది నా వల్ల.

2. హర్షవర్ధన్‌కు నేనే రాశాను. కోపం వస్తే నాతో పోట్లాడతాడు, మీరు కల్పించుకోవద్దు.

3. శుక్రవారం పొద్దున్నే నేను హనుమాన్ జంక్షన్ వస్తాను. తద్దినానికి రమ్మని రాఘవతో నువ్వు ముందుగా చెప్పకూడదు. అడగవలసింది నేను.

4. బతికున్నవాణ్ణి చచ్చినవాళ్లలో కలిపేస్తే తిరిగి తెచ్చుకునే పద్ధతి ఒకటుందని శాస్త్రిగారు కాగితం మీద రాసిచ్చారు. ఇంటివాళ్లు అతనితో కలిసి నదిలో మునిగి, నీళ్లు నింపిన కొత్త కుండను ప్రవాహంలో వదలాలి. శనివారం పెదకళ్లేపల్లి రేవులో నేనూ మునుగుతాను.

5. తద్దినానికి వియ్యాలవారిని పిలవడం మన ఆచారం కాదు. అయినా ఆ ఏలూరు వాళ్లను పిలిచాను. రాఘవ దర్భ పట్టుకోకముందే, ఆ రోజు నేనన్న మాట అందరి ముందూ చెప్తాను. నన్నెవరూ వారించవద్దు.

6. ఇవన్నీ రాఘవ వస్తానంటేనే. రానంటే వాడి గుమ్మం దగ్గర నుంచే తిరిగి వచ్చేస్తాను. మళ్లీ ఎప్పుడు రావచ్చో, అసలు రావచ్చో లేదో వాడు చెప్పాలి. తొందరగా చెప్పమని నువ్వు వాణ్ణి ఒత్తిడి చెయ్యకు.