యాకమ్మ కోళ్ల రిపోర్టు

2025 ఆగస్టు 4, సోమవారం
బట్టలు రెండు బకెట్లు. దోసెల పిండి అయింది. బియ్యం ఏరడం సగం.
అత్తమ్మకు మళ్లీ మూత్రంలో మంట, జ్వరం. మార్చి నుంచి ఇది నాలుగోసారి. ఈసారి గోళీలకు లొంగలేదు. కల్చర్ రిపోర్టులో ఏడు మందుల పక్కన ‘ఆర్’ అని ఉంది. అవి పనిచేయవని అర్థమట. దవాఖానలో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.
నా నోట్‌బుక్ తిరగేశాను. ఎదురింటి యాకమ్మ దగ్గర నాటుకోడి గుడ్లు కొన్న వారంలోనే ప్రతిసారీ జ్వరం. నాలుగుకు నాలుగు.

ఆగస్టు 7
అత్తమ్మ జ్వరం యాకమ్మ కోళ్ల వల్లేనని కిరాణం దగ్గర ముగ్గురికి చెప్పాను.

ఆగస్టు 17, ఆదివారం
అత్తమ్మ లేచి తిరుగుతోంది. వాడలో ఎవరూ యాకమ్మ గుడ్లు కొనడం లేదు. పొద్దున ఆమే వచ్చి, గుడ్లు అమ్ముడుపోతెనే నా ఇల్లు గడుస్తది అక్కా, నా కోళ్లు నీకేం చేసినయ్ అంది. నోట్‌బుక్ చూపించాను. నీ బుక్కు నాకు సదువరాదు గని నా కోళ్లు నాకెరుకే అంది.
మా అక్క కూతురు కావ్య ఇక్కడే ఉంది. సూక్ష్మజీవుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. జర ఆగు చిన్నమ్మా, కోళ్లనే అడుగుదాం అంది. ల్యాబులో దాచిన అత్తమ్మ క్రిమి, కోడి రెట్ట, మోరీ నీళ్లు. మూడింటిలోని క్రిముల జీనోమ్, అంటే జన్యువుల రాతంతా, చదివిస్తుందట. మనుషుల్లో, పశువుల్లో, నీళ్లలో దొరికిన క్రిముల జీనోములన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయట. పక్కన పెట్టి చూస్తే ఏది దేనికి చుట్టమో తెలుస్తుందట.
రెట్ట డబ్బీలోకి ఎత్తింది నేనే. యాకమ్మ పడీపడీ నవ్వింది.

సెప్టెంబర్ 3
హైదరాబాద్ ల్యాబు నుంచి రిపోర్టు రాలేదు. నా మూత్రం హైదరాబాద్ పోయింది, నేను మన నెక్కొండ దాటలే అని అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

సెప్టెంబర్ 20, శనివారం, మధ్యాహ్నం 3
కావ్య లాప్‌టాప్ తెరిచింది. కొమ్మలు కొమ్మలుగా ఒక బొమ్మ. కోళ్ల క్రిమి ఎక్కడో దూరపు కొమ్మ మీద ఉంది, ఏ మందుకైనా లొంగే రకం. అత్తమ్మదీ మోరీదీ ఒకే కొమ్మ. మన బాత్రూం నీళ్లు పోయేది అందులకే కదా చిన్నమ్మా అంది.
మరి గుడ్లు? నోట్‌బుక్ అడిగి తీసుకుని పైకి చదివింది. ‘అత్తమ్మకు నీరసం. బలానికి గుడ్లు.’ జ్వరం ఆ తర్వాతి రోజుల్లో. ఆ నీరసమే రోగానికి మొదలు, అంటే రోగం ముందు, గుడ్లు వెనక. ఇంకా చదివింది. ‘రెండు రోజులు గోళీలు. తగ్గింది. మిగిలినవి ఆరు, డబ్బాలో.’ మూడుసార్లు అలాగే ఉంది. నా అక్షరాలే. ఇదొక్కటే కారణమని చెప్పలేను గని, సగంలో ఆపితే మొండివి మిగిలిపోతయ్ అంది.
నీ పొదుపుకు నేనే దొరికిన్నా బిడ్డా అంది అత్తమ్మ.
నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది. తేదీలుంటేనే డేటాబేస్‌లో జీనోముకు విలువట, నా నోట్‌బుక్‌లోని తేదీలన్నీ కావ్య ఎక్కించుకుంది.

సెప్టెంబర్ 21
ఎంగిలిపూల బతుకమ్మ. ముగ్గురికి చెప్పింది తప్పని బతుకమ్మ ఆడుతున్న ముప్పైమందిలో చెప్పాను. ఇగ చాలక్కా, ఆట ఆగింది అంది యాకమ్మ. ఆమె దగ్గరే గుడ్లు, డజను కొన్నాను. యాకమ్మకు నా బాకీ చెల్లు.