మీటరు మీద బొట్టు

మాచర్ల,
ఆదివారం.

అక్కకి,

తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నది. నేను, సుజాత కులాసా. ధరణికోటలో నువ్వు, పిల్లలు, అమ్మ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఏమన్నా తగ్గిందా?

ఫోను ఉండగా ఉత్తరమేందని నవ్వుకోబాక. ఫోనైతే పక్కన బావ ఉంటాడు. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. నాపరాళ్ళ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని అలవాటైంది. ఎండ చానా ఎక్కువ. మనకున్న కృష్ణ గాలి ఇక్కడ లేదు, రాతి దుమ్ము అన్నంలో కూడా పడుద్ది. సుజాతకి ఆరో నెల. బాగానే ఉంది, దిగులు పడొద్దు.

బావ నాకమ్మిన హైబ్రిడ్ కారు గురించి రాయాలి. పోయిన నెల సుజాతని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, గురజాల దాటాక గొర్రెల మంద అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా బిగుసుకుంది. హ్యాండ్‌బ్రేకు లాగి మిరప చేలోకి దించాను. ఎవరికీ ఏం కాలేదు. సుజాత పొట్ట పట్టుకునే ఆటో ఎక్కింది. డాక్టరమ్మ చూసి బిడ్డ బాగుందంది.

కారుని లారీ మీద నరసరావుపేటలో మెకానిక్ దగ్గరికి చేర్చాను. అతను తాళం తిప్పి, మీటరు అద్దం మీద బొట్టుని గుడ్డతో తుడిచాడు. దాని కింద ఎర్ర లైటు వెలుగుతోంది.

"ఏంది సార్, లక్ష్మీదేవికి పెట్టే బొట్టు బ్రేకు లైటుకి పెట్టారు?" అని నవ్వాడు.

బ్రేకు పంపు ఎప్పుడో చెడిందంట. కారు గుయ్యిమని మోగేది అందుకేనంట. కొనేటప్పుడు ఆ మోతేందని బావనడిగితే, "హైబ్రిడ్ అంటే అంతేరా, తుమ్మెదలాగా పాడుద్ది" అన్నాడు. నమ్మాను.

పంపు ఒక్కటే దొరకదంట, మొత్తం యూనిట్ మార్పించాను. కాన్పుకని దాచిందంతా అందులోకే పోయింది. డబ్బులు అడగటానికి రాయట్లేదు.

బావకి ఫోన్ చేస్తే, "పాత బండికి రోగాలు రావా బామ్మర్దీ? మనుషులకి రావట్లా?" అన్నాడు. బొట్టు సంగతెత్తితే, "దేవుడి బొట్టుని కూడా అనుమానిస్తే ఎట్టరా" అని ఫోన్ పెట్టేశాడు.

అక్కా, నేను కారు కొన్న రోజు మీ వాకిట్లో బండి స్టార్ట్ చేసి ఉంది. అంతకుముందు డ్రైవర్ సీట్లో నేను కూర్చోలేదు, బావే నడిపి చూపించాడు. బానెట్ మీద బొట్టు నువ్వే పెట్టావు. తర్వాత లోపలికి వంగి స్టీరింగుకి పెట్టబోతుంటే, "అక్కడ కాదే, మీటరు అద్దం మీద. ఇదిగో, ఇక్కడ" అని బావ వేలితో చూపించాడు. ఎంత భక్తో అనుకున్నాను. అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం సుజాత అదే చోట కుంకుమ తడిపి మందంగా పెట్టింది. చెరగనీయొద్దని చెప్పింది నేనే.

నువ్వు వంగినప్పుడు అక్కడ ఎర్రగా వెలగటం నీకు కనపడిందా? ఆ ఒక్క మాట రాయి. కనపడలేదని రాస్తే నమ్ముతాను. సుజాతకి తల్లి లేదు, కాన్పుకి నువ్వొస్తానన్నావు. రమ్మని రాసేముందు నాకిది తెలియాలి.

గోంగూర పచ్చడి బావ చేత పంపబాక. బస్సులో వేయించు, నేను స్టాండులో తీసుకుంటాను.

మొన్న శుక్రవారం సుజాత కుంకుమ భరిణె తెచ్చింది. బానెట్‌కి చాల్లే అన్నాను.

అమ్మకి మా దండాలు చెప్పు. పుట్టబోయే బిడ్డని దీవించమను. పెద్దవాళ్ళందరికీ నమస్కారాలు. బావ పేరు విడిగా రాయలేదు.

నీ తమ్ముడు,
శీనయ్య