గంటకు ముప్పై డిగ్రీలు

ఇబ్రహీంపట్నం,
11-8-2004.

ప్రియమైన తెరేసమ్మకు,

శౌరయ్య ప్రేమతో రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మ, చిన్నది, నేను బాగానే ఉన్నాం. మస్కట్‌లో నీ ఒంట్లో బాగుందని, హాస్పిటల్ డ్యూటీలు మరీ కష్టంగా లేవని తలుస్తాను.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. నువ్వు పంపిన ఆయింట్‌మెంటు రాసుకుంటోంది, గుడికి నడిచే వెళ్తోంది. చిన్నదానికి ముందుపళ్లు రెండూ ఊడాయి. ఫోటో తీయిద్దామంటే నోరు తెరవనంటోంది.

ఏడాదిగా నా ఉత్తరాలు ఎందుకంత పొట్టిగా ఉంటున్నాయని కూడా అడిగావు. దానికి జవాబు రాయడానికే ఇవాళ కూర్చున్నాను. ఫోనులో చెప్పే ధైర్యం లేదు.

మా కాలేజీ ల్యాబులో రీసెర్చి చేసిన జుబియా నీకు గుర్తుండే ఉంటుంది. వన్ టౌన్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు నవాబ్ గారి అమ్మాయి. మాంగనీసు, ఆర్సెనిక్ కలిపి మిశ్రమలోహం చేసేది. అయస్కాంతాల మధ్య పెడితే ఆ ముక్క వేడెక్కుతుంది, బయటికి తీస్తే చల్లబడుతుంది.

"మన మే నెల ఎండంత వేడి దగ్గర దీని లోపలి అమరికే మారిపోతుందండీ. చల్లదనం ఎక్కువగా వచ్చేది అక్కడే. కాస్త యాంటిమొని కలిపితే మామూలు రోజుల్లోనూ పనిచేస్తుంది. గ్యాసు, కంప్రెసరు లేని ఫ్రిజ్ చేయొచ్చు శౌరయ్య గారూ" అనేది. అటెండరుకెందుకులే అనుకోకుండా, నాకు అర్థమయ్యేదాకా చెప్పేది.

ఆ పొడులు క్వార్ట్జ్ గాజు గొట్టంలో పోసి, గాలి తీసేసి, మంటతో మూతి కరిగించి మూసేది. ఆ పనితనం ల్యాబులో ఆమె ఒక్కదానికే ఉండేది. ఆ తర్వాత ఫర్నేసు చూసుకోవడం నా వంతు. "వేడి పెరగడం గంటకు ముప్పై డిగ్రీలు దాటనివ్వకండి. ఆర్సెనిక్ ఒక్కసారిగా ఆవిరైతే గొట్టం తట్టుకోదు" అని ప్రతిసారీ చెప్పేది.

పోయినేడు మే నెలలో గొట్టం పేలి ఆమెకు కన్ను పోయిందని నీకు రాశాను. ఎందుకు పేలిందో రాయలేదు.

ఆ రోజు శుక్రవారం. ఆరింటికి పక్కింటికి నీ ఫోను వస్తుంది. వేడి పూర్తిగా ఎక్కేదాకా నేను కదలకూడదు. అలాగైతే ఏడు దాటుతుంది. నాలుగింటికి నాబ్ తిప్పి వేగం రెట్టింపు చేశాను. కాసేపటికి జుబియా వచ్చి చూద్దామని వంగింది. అప్పుడే గొట్టం పేలి గాజుముక్క ఆమె ఎడమ కంట్లో దిగింది. అందరూ ఆమెను ఎత్తుకుని కిందికి పరిగెడుతుంటే, నేను వెనక్కి వెళ్లి నాబ్‌ను మళ్లీ ముప్పై మీద పెట్టాను.

నీ ఫోను సంగతి రాసింది నిజం చెప్పాలని మాత్రమే. ఇందులో నీ తప్పేమీ లేదు తెరేసమ్మా.

విచారణలో ఆమే "మూతి సరిగా మూసి ఉండను" అంది. చదువు మానేసింది. నేను నోరు మెదపలేదు. పోయిన నెల ఆమె పుస్తకాలు తీసుకెళ్లడానికి నవాబ్ గారు వచ్చారు. "మా పిల్ల చేతిలో పనితనం లేకపోబట్టి విచారణలో మీరూ నిలబడాల్సొచ్చింది బాబూ. ఏమీ అనుకోకండి" అన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

ఈ నెల మొదటి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. జుబియా తల్లి కుల్సుం గారు టీ తెచ్చి ముందు పెట్టారు. ఉన్నదంతా చెప్పాను. ఆవిడ ఆ టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

జుబియా, "ఆ రోజే చెప్పుంటే నా చేతులు మంచివేనని నాకు తెలిసేది కదండీ. ఏడాదిగా స్టవ్ వెలిగించాలన్నా వణుకుతున్నాను" అంది. కన్ను గురించి ఒక్క మాట అనలేదు. కాగితం మీద రాసిమ్మంది. రాసి సంతకం చేశాను. మొహానికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదువుకుంది. "నాన్నకు చూపిస్తాను. మీరిక వెళ్లండి" అంది.

అలాంటి కాగితమే ప్రిన్సిపాల్ గారికీ ఇచ్చాను. నన్ను సస్పెండ్ చేశారు. జుబియాను మళ్లీ చేరమని కబురు పంపారు. ఒక్క కంటితో మంట ఎంత దూరంలో ఉందో తెలియడం లేదని, ఇక గొట్టాలు మూయలేనని జవాబు పంపిందట.

నువ్వు ఏమని రాసినా చదువుతాను.

ఇట్లు,
నీ బిడ్డ తండ్రి,
శౌరయ్య