రాగి రంగు కళ్లద్దాలు

ఫిబ్రవరి 5, సోమవారం

ఈ రోజు చెప్పేశాను. గైడ్ అవుతానని.

లాడ్జిలో గెస్టులను చేపల వేటకు తిప్పే ఇద్దరు గైడ్లు ఒకేసారి మానేసి ఫ్రీపోర్ట్ వెళ్లిపోయారు. మార్చి అంతా గెస్టులే. యజమానురాలు మిస్ ఎర్నెస్టీన్ భోజనాల గదిలో తల పట్టుకుని కూర్చుంది. నేను వండిన చేపల పులుసు గిన్నె దించి, నాకొక పడవ ఇవ్వండి అన్నాను. గడ వేయడం నాకు నడక కంటే ముందు వచ్చింది. ఈ ఆండ్రోస్ దీవి ఇసుక మేటలన్నీ నాన్న పడవలో తిరిగి పెరిగినదాన్ని. గెస్టులు కోరి వచ్చే బోన్‌ఫిష్ చేప పోటు నీటితో ఎటు వస్తుందో, పాటులో ఎటు జారుకుంటుందో ఎవరూ నాకు నేర్పనక్కర్లేదు.

కెప్టెన్ హార్కోర్ట్ నవ్వాడు. ఇక్కడి గైడ్లందరికీ పెద్ద. “ఏమే వెర్డెల్, గరిటె తిప్పడమనుకున్నావా? ఆ చేప నీళ్లలో నీళ్లలా ఉంటుంది. చూడ్డానికి కళ్లు కావాలి. ఆడాళ్ల కళ్లకి అంత దూరం ఆనదు” అన్నాడు. ఆనకపోతే మీ ఆవిడ మిమ్మల్ని బార్లో ఏ మూలనున్నా ఎలా పట్టుకొస్తోంది కెప్టెన్ అన్నాను. గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

చివరికి ఒక ఒప్పందం. మార్చి మొదటి శనివారం ఆయన పడవలో, ఒక గెస్టు ముందు, ఆయన కంటే ముందు నేను చేపను చూపించాలి. చూపిస్తే పడవ నాది. లేకపోతే గరిటె నాది.

ఫిబ్రవరి 6

కళ్లు సరే. కళ్లద్దాలు లేవు.

ఎండలో మేట మీద నీళ్లు కొత్త రేకు కప్పులా మెరుస్తాయి. ఉత్త కళ్లతో చూస్తే ఆకాశమే కనిపిస్తుంది, అడుగు కనిపించదు. ఆ మెరుపును కోసేసే పోలరైజ్డ్ అద్దాలు కావాలి. గెస్టులు మరిచిపోయినవన్నీ స్టోర్ రూమ్‌లో ఒక పెట్టెలో పడి ఉన్నాయి. నచ్చింది తీసుకో అంది మిస్ ఎర్నెస్టీన్.

పెట్టె ఇంటికి తెచ్చాను. నీలం అద్దం జత ఒకటి ఉంది. పెట్టుకుంటే సినిమా తారలా ఉన్నాను. అదే తీసుకున్నాను.

ఫిబ్రవరి 9

సినిమా తారకు ఒక్క చేప కనిపించలేదు. నాన్న పాత పడవ వేసుకుని కాలువ మూలకు వెళ్లాను. అడుగు మీద చీకటి తప్ప ఏమీ లేదు. పడవ కింద నుంచే ఒక గుంపు లేచి పారిపోయింది. అవి లేపిన బురద చూశాక గాని అవి ఉన్నాయని తెలియలేదు.

ఇంటికొచ్చి పెట్టెలో జతలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూశాను. రెండూ అసలైనవైతే నల్లగా మూసుకుపోతాయి. నీలం జత దేనితో పెట్టినా మూసుకోలేదు. ఉత్త రంగు. మెరుపును కోయదు, కంటికి చీకటి మాత్రం పెడుతుంది. చూడ్డానికి బాగున్న మగాడి లాంటిది. పొయ్యిలో వేద్దామనుకున్నాను. కంపు కొడుతుందని వేయలేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక నాన్నతో గొడవ.

నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని పెట్టెలోని జతలను వేళ్లతో తడుముతున్నాడు. ఈయన రెండు కళ్లలోనూ కండ పెరిగి నల్లగుడ్ల మీదికి పాకింది. ఎండ, ఉప్పు, నీటి మెరుపు, అన్నీ కలిసి చేసిన పని. నాసావు పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. “ఇవన్నీ టూరిస్టుల వేషాలే వెర్డీ. నా కాలంలో ఏ గైడూ పెట్టుకోలేదు. కన్ను నిజమైతే చేప దానంతటదే కనిపిస్తుంది” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మీ కాలం మీ కళ్లు తినేసింది నాన్నా, నా కళ్లు దానికి పెట్టను అన్నాను.

పెట్టె నేలకేసి కొట్టాడు. నేను ఏరుకున్నాను. అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఫిబ్రవరి 15

రెండు జతలు మిగిలాయి. ఒకటి బూడిద రంగు, ఒకటి రాగి రంగు. ఉదయం బూడిద రంగుతో వెళ్లాను. లోతు నీళ్లలో హాయిగా ఉంది. మోకాలి లోతులో మాత్రం ఇసుకా, నాచూ, చేపా అన్నీ ఒకే బూడిద. రాగి రంగు పెట్టాను. ఎవరో నీళ్ల కింద దీపం వెలిగించినట్టయింది. ఇసుక పసుపు, నాచు నలుపు, మధ్యలో పచ్చటి నీడ ఒకటి కదిలింది. చేప కాదు, చేప నీడ. చూడాల్సింది దాన్నే. మబ్బు పట్టినా అది పోలేదు.

తల కొంచెం ఎడమకు వాలిస్తే ఇంకా తేటగా కనిపిస్తోంది. ఎందుకో నాకు తెలియదు. వాలుస్తాను.

దానికి ఒక చోట చిన్న గీత ఉంది. ఉండనీ.

ఫిబ్రవరి 18

రాగి జత ముక్కు మీద నిలవడం లేదు. వంగితే జారుతుంది, చెమట పడితే జారుతుంది. జారిన సందులోంచి కింది నీళ్ల వెలుతురు కంట్లోకి కొడుతుంది. అక్క ప్రెస్కోలా చూసి, నీ ముక్కు చప్పిడి, దానికేం చేస్తావ్ అంది. నా ముక్కుకేం, అమ్మ ముక్కు. ఈ ఫ్రేమ్ చేసినవాడు మన ముక్కు ఎప్పుడూ చూడలేదు, తప్పు వాడిది అన్నాను.

పాత హవాయి చెప్పు రబ్బరు కోసి ముక్కు దగ్గర అతికించాను. పక్కల నుంచి వెలుతురు రాకుండా నల్ల గుడ్డ కుట్టాను. తల వెనక చేపల తాడు కట్టాను. ఇప్పుడు గట్టిగా కూర్చుంది. అక్క మళ్లీ చూసి, గంతలు కట్టిన గాడిదలా ఉన్నావే అంది. గాడిద దారి తప్పదు అన్నాను.

ఫిబ్రవరి 26

ఇవాళ కాలువ మూలలో టేకు చేపనూ, బారకూడానూ, బోన్‌ఫిష్‌నూ మూడింటినీ నీడ చూసి విడివిడిగా చెప్పగలిగాను. పక్కన ఎవరూ లేరు. గట్టిగానే చెప్పాను.

మార్చి 3, శనివారం

అంతా రాస్తాను.

గెస్టు మిసెస్ హాల్వర్సన్. మిన్నెసోటాలో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పడవ ముందు భాగంలో గాలంతో ఆమె, మధ్యలో నేను, వెనక ఎత్తు మీద గడతో కెప్టెన్. ఉదయమంతా మబ్బు. మబ్బులో కూడా ఆయన బొగ్గు లాంటి నల్ల అద్దాలే పెట్టుకున్నాడు. ఇంత తక్కువ వెలుతురులో అవెందుకా అనుకున్నాను.

పడవ ముక్కు పన్నెండు అనుకుని పదకొండు గంటల వైపు వెయ్యండి మేడమ్ అన్నాడు. ఆమె వేసింది. ఏమీ లేదు. “అయ్యో, ఆలస్యమైంది, బెదిరి పారిపోయింది” అన్నాడు. నాకు ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. నా అద్దాల తప్పేమో అనుకుని తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను. ఇంకోసారి చూపించాడు. ఇంకోసారి ఆలస్యమైందన్నాడు. అక్కడా ఉత్త ఇసుకే. చేప పారిపోతే బురద లేవాలి. బురద లేవలేదు.

అప్పుడు మడ చెట్ల వారన నీడలు కనిపించాయి. నాలుగైదు, తిన్నగా మా వైపే. మూడు గంటల వైపు, చెట్ల వారన, వస్తున్నాయి అన్నాను. అది నాచే పిల్లా, నోరు మూసుకో అన్నాడు. మిసెస్ హాల్వర్సన్ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. ఇన్నేళ్లు బస్సు నడిపాను, ఎవరు రోడ్డు చూస్తున్నారో నాకు తెలుసు అంది. నేను చూపిన చోట వేసింది. రీలు అరిచింది. ఆమె కూడా అరిచింది. చేప ఆమె చేతిలో అద్దంలా మెరిసింది. కెప్టెన్ గడ మీద చెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డాడు.

ఇంతవరకే అయితే ఈ రోజు పండగ.

సాయంత్రం తిరిగి వస్తున్నాం. మబ్బు విడిపోయింది. కాలువ మలుపు తిరగగానే సూర్యుడు సరిగ్గా ఎదురుగా. అక్కడ నీళ్ల కింద రాతి దిబ్బ ఉంది. పిల్లలకు కూడా తెలియాలని దాని మీద తెల్ల గుంజ పాతారు. కెప్టెన్ ఇంజన్‌ను పూర్తి వేగంతో వదిలి నేరుగా దాని మీదికే వెళ్తున్నాడు. గుంజ అన్నాను. ఏ గుంజ అన్నాడు. నేను ఆయన చేతుల మీద నుంచే స్టీరింగ్ లాగేశాను. పడవ పక్క రాయికి ఒరుసుకుపోయింది. మిసెస్ హాల్వర్సన్ ఐస్ పెట్టె మీద పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

ఇంజన్ ఆపాక ఆయన అద్దాలు తీశాడు. ఆ కళ్లు నేను దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఉడికిన చేప కళ్లు. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా. మనిషి ఎంతకాలంగా చూపు లేకుండా పడవ నడుపుతున్నాడో. “ఎవరికీ చెప్పకు వెర్డెల్” అన్నాడు. మెల్లగా, మామూలు మనిషిలా. నా గుండె కరిగింది. నిజమే, కరిగింది.

రేవుకు రాగానే ఆయన మిస్ ఎర్నెస్టీన్‌తో, ఈ పిల్ల నాచును చేపంది, స్టీరింగ్ లాక్కుని పడవ రాయికి కొట్టింది అన్నాడు.

కరిగింది మళ్లీ గడ్డ కట్టింది. ఆయన ముందే మొత్తం చెప్పాను. ఆయనకు గుంజ కనిపించలేదని, కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయని, రేపు ఆదివారం చర్చి పిల్లల్ని కాలువ దాటించేది ఈ పడవలోనే అని. ఈయన స్టీరింగ్ పట్టుకుంటే నేను రేవులో అడ్డంగా పడుకుంటాను అన్నాను. మిసెస్ హాల్వర్సన్ మోచెయ్యి చూపించి, ఈ అమ్మాయి చూసింది, ఆయన చూడలేదు అంది.

మిస్ ఎర్నెస్టీన్ పడవ తాళం కోసం చెయ్యి చాపింది. ఆయన ఆమె చేతిలో పెట్టలేదు. బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మిసెస్ హాల్వర్సన్ తన ఖరీదైన అద్దాలు నాకు ఇవ్వబోయింది. పెట్టి చూశాను. జారాయి. తిరిగి ఇచ్చేశాను.

మార్చి 4, ఆదివారం

చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. కాళ్లు చాపుకున్నాను.

మార్చి 7

ఊరంతా ఒకటే మాట. పెద్దాయన నోటి దగ్గర కూడు లాగేశానని. అక్క కూడా అదే అంది. పిల్లలు మునిగాక చెప్పాల్సిందా అన్నాను. తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం కెప్టెన్ భార్య మిస్ యూనా లాడ్జి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. “ఏడాదిగా ఆయన పంచదార అనుకుని టీలో ఉప్పు కలుపుకుంటున్నాడు. నేను చెప్పలేకపోయాను, నువ్వు చెప్పావు. అందుకు నీకు దండం పెడతాననుకోకు” అంది. నేను ఆ మాట కోసం చూడలేదమ్మా అన్నాను. శుక్రవారం స్టీమర్‌లో ఆయన్ని నాసావు తీసుకెళ్తున్నాను, ఆపరేషన్‌కి అంది. దారిలో తినడానికి జానీకేక్ రొట్టె కట్టి ఇచ్చాను. తీసుకుంది. నా ముఖం చూడలేదు.

మార్చి 10

నాన్న ఇన్నాళ్లకు మాట్లాడాడు. హార్కోర్ట్ సంగతంతా మళ్లీ చెప్పించుకున్నాడు. గుంజ దగ్గర ఇంజన్ ఎంత వేగం మీద ఉందో రెండుసార్లు అడిగాడు. తరవాత రేవు వైపు ముఖం తిప్పాడు.

“ఆ రోజుల్లో ఎవడైనా నాకిట్లా చెప్పి ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి” అన్నాడు. తెలుసు నాన్నా అన్నాను. “కొట్టాక వెళ్లి చూపించుకునేవాణ్ణేమో” అన్నాడు.



మార్చి 12

మొదటి పడవ. నా పేరు మీద. టెక్సాస్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు. రేవులో నిలబడి గైడ్ ఎక్కడ అని నన్నే అడిగారు. మీ ఎదురుగా ఉంది, ఎక్కండి అన్నాను. ఎక్కారు. అద్దాల మీద గుడ్డ, చెప్పు రబ్బరు చూసి ఒకడు నవ్వాడు. మధ్యాహ్నానికి, ఇంకా ఎక్కడున్నాయి మేడమ్ అని అడుగుతున్నాడు.

ఏప్రిల్ 19, గురువారం

పొద్దున్నే పడవలో ఐస్ నింపుతుంటే కెప్టెన్ రేవుకొచ్చాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకొకటి వచ్చే నెల అన్నాడు. ఆ కన్ను తేటగా ఉంది, నన్ను చూసింది. టోపీ చేతిలో తిప్పుతూ, “ఈ కంటికి ఎండ అస్సలు పడటం లేదు. నాకూ ఒక జత చూసి పెట్టవే” అన్నాడు.

మంగళవారం రండి కెప్టెన్, ఇవాళ నాకు పడవుంది అన్నాను.