ఫిర్యాదు రాని కంపెనీ

మార్చి 3

నీటి రెస్క్యూ దళం నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై నాలుగు మంది డైవర్లకి కొత్త రెగ్యులేటర్లు కొంటారట. ఏడు కంపెనీల పేర్లిచ్చి, ఏది ఎంత నమ్మదగినదో వరసపెట్టి చెప్పమన్నారు. పదహారేళ్ళుగా వాటిని విప్పి బిగిస్తున్నవాణ్ణి కాబట్టి నా మాట మీదే కొంటారట.

గాలి సిలిండర్‌కీ మనిషి నోటికీ మధ్య ఉండేది ఆ ఒక్క వస్తువే. ఒడ్డు మీద మొరాయిస్తే నా దగ్గరికి తెస్తారు. నీళ్ళ అడుగున మొరాయిస్తే ఎవరికి మొరపెట్టుకుంటారు?

ఆ ఇరవై నాలుగు మందిలో నా కూతురొకతి. ఆ సంగతి దళంలో ఎవరికీ తెలియదు. నాన్న పలుకుబడితో చేరిందంటారని చెప్పొద్దంది. నాకు పలుకుబడి ఉందని దానికెవరు చెప్పారో.

మార్చి 9, ఆదివారం

రిజిస్టర్లన్నీ దించాను. దుమ్ముకి తుమ్ములు. తుమ్మితే చిరంజీవ అనేవాళ్ళు కూడా లేరు, సరే.

రిజిస్టర్‌లో కంపెనీ పేర్లు రాసే అలవాటు నాకు లేదు. ఏ కంపెనీ ముక్క ఏ రంగు పెట్టెలో వస్తే ఆ రంగు రాస్తాను. మూడేళ్ళ లెక్క తీశాను. ఎర్ర పెట్టె అరవై రెండు సార్లు రిపేరుకి వచ్చింది. నీలం నలభై ఎనిమిది. పసుపు కంపెనీ వాడికి సిగ్గుండాలి, తొంభై ఒకటి. మిగతావి ముప్ఫై, నలభై మధ్య.

బూడిదరంగు పెట్టె, సున్నా.

రెండుసార్లు వెతికాను. ఒక్కటి కూడా లేదు. అలాగని ఎవరూ కొనడం లేదా అంటే, బోట్ల మీద ఎక్కడ చూసినా అదే. నిండు కుండ తొణకదంటే ఇదే.

మార్చి 10

లిస్టు పంపాను. ఒకటో నంబరు బూడిద పెట్టె. కింద సంతకం పెట్టి, మూడేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు అని కూడా రాశాను. ఆ వాక్యం చాలా బాగా వచ్చింది.

మార్చి 22

ఇవాళ నోరు విప్పింది ఒక్కసారే. కొరియర్ మనిషితో. సంతకం ఎక్కడ, అని.

ఏప్రిల్ 13, ఆదివారం

కూతురు ఫోన్ చేసింది. బూడిద పెట్టెలు వచ్చాయట. తిన్నావా అంటే తిన్నానంది. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంది. కొత్త రెగ్యులేటర్ ఎలా ఉందంటే అదీ బాగానే ఉందంది. నిమిషం నలభై సెకన్లు. చదువుకునే రోజుల నుంచీ అంతే, ఏనాడూ పేచీ పెట్టిన పిల్ల కాదు. ఆ విషయంలో నేను అదృష్టవంతుణ్ణి.

ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తోచలేదు. శుభ్రంగా ఉన్న ప్రెషర్ గేజిని మళ్ళీ తుడిచాను.

ఏప్రిల్ 29

షాపులో కస్టమర్ కోసం వేసిన స్టూల్ కాలు వదులైంది. బిగించాను. ఎవరు కూర్చుంటారని బిగించానో నాకే తెలియాలి.

మే 6, పొద్దున్న

ఈత కొలను మాస్టారు వచ్చాడు. బల్ల మీద పెట్టె పెట్టాడు. బూడిదరంగు.

పదహారేళ్ళలో నా బల్ల మీదికి అది రావడం ఇదే మొదటిసారి. నాలుగు మీటర్ల లోతులో కూడా గాలి ఆగకుండా బుసకొడుతోందట. ఇన్నాళ్ళూ ఇవి నా దగ్గరికి రాకపోవడం వింతేనని, పాడవ్వవనుకున్నానని అన్నాను. మాస్టారు నవ్వాడు. పాడవకపోవడమేంటండీ, మీ బావమరిది షాపులో గుట్టలు పడున్నాయి, మూడు వారాలు ఆగమన్నాడు, అందుకే ఇటొచ్చాను, అన్నాడు. వేరేవాళ్ళు విప్పితే కంపెనీ గ్యారంటీ పోతుందట. ఊళ్ళో విప్పే హక్కు వాడొక్కడికే ఇచ్చారట. మాస్టారిది గ్యారంటీ అయిపోయిన ముక్క. కాబట్టి నేనే గతి.

ఆయన వెళ్ళిపోయాక రిజిస్టర్‌లో ఆ సున్నా మళ్ళీ చూశాను. రాని రిపేర్లని లేని రిపేర్లనుకున్నాను. ఇంత చిన్న విషయం కాస్త తెలివున్నవాడికెవడికైనా తట్టాలి. ఆ లిస్టు కింద సంతకం పెట్టాను. దాన్ని నమ్మి నా పిల్ల నీళ్ళలోకి దిగుతోంది.

మే 6, మధ్యాహ్నం

మాస్టారి ముక్కని గేజికి తగిలించాను. ముల్లు తొమ్మిది దగ్గర నిలవాలి. నిలిచింది. హమ్మయ్య అనుకునేలోపు పాకడం మొదలుపెట్టింది. తొమ్మిదిన్నర, పది, పదకొండు. లోపల గాలిని ఆపే సీటు అరిగిపోయింది. కొన్నది ఏడాదిన్నర కిందటట.

ఇలాంటిది లోతులో బుసకొట్టడం మొదలుపెడితే సిలిండర్ రెండు మూడు నిమిషాల్లో ఖాళీ.

మే 7

బావమరిది షాపుకి వెళ్ళాను. నాలుగేళ్ళ తర్వాత.

పదకొండేళ్ళు నా బల్ల దగ్గరే పని నేర్చుకుని, నాతోనే చేశాడు. వాళ్ళక్క నన్ను వదిలి వెళ్ళిపోయిన వారానికి వాడూ వెళ్ళి సొంత షాపు పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆ వీధి వైపు నేను పోలేదు. బస్సు అటు తిరుగుతుందంటే ముందు స్టాపులోనే దిగిపోయేవాణ్ణి. ఆ వీధిలో ఏముందో తెలియకుండానే ఊరందరికీ ఏది మంచిదో చెప్పాను.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. రా బావా అన్నాడు, నిన్న కూడా వచ్చినట్టే. రిజిస్టర్ అడిగితే మారు మాట లేకుండా ఇచ్చాడు. మూడేళ్ళలో రెండొందల ఏడు. పసుపు కంపెనీ వీటి ముందు దేవత.

లిస్టు సంగతి తెలుసా అన్నాను. తెలుసు, కంపెనీవాళ్ళు చెప్పారన్నాడు. మరి ఫోన్ చేసి చెప్పొచ్చు కదరా అన్నాను. తలొంచుకుని, నువ్వు ఎత్తుతావో ఎత్తవోనని అన్నాడు. ఎత్తేవాణ్ణి కాదు.

టీ తెప్పించాడు. తాగాను. వాళ్ళక్క బాగుందట. అడగకుండానే చెప్పాడు. పంతొమ్మిదేళ్ళు నాతో కాపురం చేసి ఒక్క ఫిర్యాదు చెయ్యని మనిషి. వెళ్ళేరోజు కూడా వండిపెట్టి వెళ్ళింది. అంతా సవ్యంగా ఉందనే అనుకున్నాను, సూట్‌కేస్ గుమ్మం దాటేదాకా.

తిరిగొస్తుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. బస్సులో. పక్కావిడ కిటికీ వేయమంటారా అంది.

మే 8, పొద్దున్న పదింటికి

దళం కొనుగోలు ఆఫీసర్‌కి ఫోన్ చేశాను. నా లిస్టు తప్పు, అన్నీ వెనక్కి తీసుకోండి అన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. నెల నుంచి ఇరవై నాలుగు మంది వాడుతున్నారు సార్, ఒక్కరూ కంప్లయింట్ ఇవ్వలేదు, ఇంక సమస్యేముంది, అన్నాడు.

నా వాక్యమే. నా మొహానే కొట్టాడు.

ఎల్లుండి ముప్ఫై మీటర్ల శిక్షణ ఉందట. దాన్ని ఆపాలంటే కనీసం ఒక్క డైవరైనా రాతపూర్వకంగా ఇవ్వాలట.

మే 8, సాయంత్రం

కూతురికి ఎనిమిదిసార్లు చేశాను. తొమ్మిదోసారి మెసేజ్ వచ్చింది. క్లాసులో ఉన్నాను, బాగానే ఉన్నాను.

మే 9

పొద్దున్నే బస్సెక్కి వాళ్ళ ట్రైనింగ్ జెట్టీకి వెళ్ళాను. డైవింగ్ సూట్ నడుం దాకా దింపుకుని సిలిండర్లు మోస్తోంది. భుజాలు బలంగా అయ్యాయి. నన్ను చూసి గాభరా పడింది, ఎవరైనా పోయారేమోనని. మామూలుగా రాను కదా.

పక్కకి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. పొరపాటు నాదేనని చెప్పాను. సిలిండర్ పట్టీ విప్పుతూ, బిగిస్తూ కూర్చుంది. అప్పుడడిగాను, నీది ఎప్పుడైనా బుసకొట్టిందా అని.

రెండుసార్లు, అంది.

ఒకటి చెరువులోనట. రెండోది పద్దెనిమిది మీటర్ల దగ్గర. పక్కనున్న అమ్మాయి తన దగ్గరున్న రెండో మౌత్‌పీస్ అందించబట్టి పైకొచ్చిందట. జెట్టీ చెక్కల మీద చతికిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదే అన్నాను. గాలి సరిగ్గా రాలేదని కొత్తవాళ్ళు చెబితే భయపడ్డారని రాసుకుంటారట. సరే, వాళ్ళకి చెప్పలేదు, నాకెందుకు చెప్పలేదు?

నువ్వు ఒకటో నంబరిచ్చావు కదా నాన్నా, అంది. తప్పు నాదేనేమో, నాకే శ్వాస తీసుకోవడం సరిగ్గా రావట్లేదేమో అనుకున్నాను.

నెల నుంచి అలా అనుకుంటూ నీళ్ళలోకి దిగింది. ఆదివారాలు ఫోన్ చేసి బాగానే ఉంది అంది. నేను గేజి తుడుచుకున్నాను.

కాగితం తెచ్చింది. నిలబడి రాసింది. రెండు తేదీలు, రెండు లోతులు, కింద సంతకం. తర్వాత ఆ మౌత్‌పీస్ అందించిన అమ్మాయి కూడా కాగితం అడిగింది. ఆమెతో పాటు ఇంకో ముగ్గురు. ఆఫీసర్ ఒక్కొక్కటీ చదువుతుంటే మా ఇద్దరి ఇంటి పేరూ ఒకటేనని గమనించాడు. అవును, నా కూతురేనని చెప్పేశాను. అది నా వైపు చూసిందిగానీ కోప్పడలేదు. కోప్పడితే బాగుండును.

మే 12

శిక్షణ ఆపారు. ఇరవై నాలుగు పెట్టెలూ వచ్చాయి. గ్యారంటీ గొడవ లేకుండా బావమరిదే వచ్చి నా బల్ల మీద విప్పాడు. నేను గేజి చూసి చెబుతుంటే వాడు రాసుకున్నాడు. పదకొండింట్లో ముల్లు పాకింది. పదిహేడో నంబరు నా పిల్లది. దాన్ని నేను చూడలేకపోయాను, వాడు చూశాడు.

దళానికి కొత్త ఉత్తరం రాశాను. ఏ కంపెనీకీ నంబరివ్వలేదు. నా దగ్గరికి ఏవి వచ్చాయో, వాడి దగ్గరికి ఏవి వెళ్ళాయో, మా ఇద్దరికీ తెలియనివి ఇంకెన్ని ఉండొచ్చో రాశాను. ఈసారి వాక్యాలు బాగా రాలేదు.

మే 18, ఆదివారం

కూతురు ఫోన్ చేసింది. గదిలో ఫ్యాన్ కీచుమంటోందట. పక్క మంచం పిల్లది గురక. క్యాంటీన్ కూరల్లో ఉప్పెక్కువ. కాసేపాగి, నేను ఫోన్‌లో ఊఁ తప్ప వేరే మాట మాట్లాడనంది, చిన్నప్పటి నుంచీ అంతేనంది.

ఊఁ అనబోయి ఆగాను. ఇంకా చెప్పు, అన్నాను.